పాచిపోవడం అంటే అన్నానికి ఏమవుతుంది?

వేసవి పొద్దున్నల్లో ఉత్తరాంధ్రలోని చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళ వంటిళ్ళలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "అన్నం పాసిపోనాది." గిన్నె మీద మూత తీసినవాళ్ళు ముందు వాసన చూస్తారు. తర్వాత రెండు మెతుకులు వేళ్ళ మధ్య నలుపుతారు. మెతుకు జారినా, వేలికి అంటుకుని తీగలా సాగినా ఇంక ఆ అన్నం పశువుల కుడితిలోకే. అదే రాత్రి, అదే పొయ్యి మీద వండిన అన్నంలో కొంత తీసి, నీళ్ళు పోసి వేరే కుండలో పెట్టి ఉంటారు. అది పొద్దున్నకి పులిసి సద్దన్నమై కూర్చుంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తిని పొలానికి వెళ్తారు.

ఒకే బియ్యం, ఒకే రాత్రి, ఒకే ఉక్క. నీళ్ళు తగిలితే ఏ వస్తువైనా త్వరగా చెడాలి కదా, మరి నీళ్ళు పోసిన అన్నం నిలబడి, పొడిగా ఉంచిన అన్నం ఎందుకు పాడైంది? వంట చేసే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహం ఇది. దీనికి జవాబు వెతకాలంటే ముందు పాచి అన్న మాట దగ్గర కొంచెంసేపు ఆగాలి.

మెట్ల మీద, పళ్ళ మీద, మెతుకు మీద

చెరువు మెట్ల మీద పాచి పడుతుంది, కాలు జారుతుంది. నిద్ర లేచేసరికి పళ్ళ మీద పాచి ఉంటుంది, పుల్లతో తోముకుంటాం. మిగిలిన అన్నం పాచిపోతుంది. ఊడ్వని వాకిలిని కూడా పాచివాకిలి అంటాం, కానీ అక్కడ ఉన్న అర్థం నిన్నటిది, ఇంకా శుభ్రం చేయనిది అని. రాత్రి గడవడం, జిగురు పట్టడం అనే రెండు అర్థాలు ఈ మాటలో కలిసి ఉన్నాయి. అన్నం విషయంలో ఆ రెండూ నిజమే.

మెట్ల పాచి ఆకుపచ్చగా ఉంటుంది. అందులో ఎండను పట్టి బతికే నాచుజాతులు, నీలి ఆకుపచ్చ బాక్టీరియా ఉంటాయి. పళ్ళ పాచి తెల్లగా, పసుపుగా ఉంటుంది. అందులో ఉండేవి పంచదారను తిని బతికే బాక్టీరియా. అన్నం పాచిలో ఉండేవి మట్టిలోంచి వచ్చిన వేరే బాక్టీరియా. జాతులు వేరు, తిండి వేరు. కానీ మూడు చోట్లా అవి చేసే పని ఒకటే. ఒక ఉపరితలాన్ని పట్టుకుని, తమ ఒంట్లోంచి జిగురు పదార్థాన్ని ఊరించి, దాన్ని చుట్టూ కప్పుకుని గుంపుగా కాపురం పెడతాయి. ఆ జిగురు వాటిని ఎండిపోకుండా కాపాడుతుంది, నీటి ప్రవాహానికి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది. ఇలాంటి నిర్మాణాన్ని శాస్త్రవేత్తలు బయోఫిల్మ్ అంటారు. మనం జీవపొర అందాం. బాక్టీరియా ఎక్కువగా ఇలా గుంపులుగానే బతుకుతాయని విలియం కాస్టర్టన్, ఆయన సహచరులు 1978లో గట్టిగా వాదించాకే ఆ సంగతి సూక్ష్మజీవశాస్త్రంలో నడిమధ్యకు వచ్చింది. మెట్లకీ పళ్ళకీ మెతుకులకీ ఒకే మాట వాడిన మనవాళ్ళు సూక్ష్మజీవుల్ని చూడలేదు, కానీ వేలికి తగిలిన జిగురును బట్టి మూడింటినీ ఒకచోట చేర్చారు. తెలుగులో నాకు అత్యంత ఇష్టమైన మాటల్లో ఇదొకటి.

బాక్టీరియాను మనిషి చూసిన తొలి రోజుల్లోనూ పాచికి పెద్ద చోటే ఉంది. హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ తన చేత్తో నూరుకున్న చిన్న కటకం కింద, తన పళ్ళ సందుల్లోంచి గీసిన తెల్లటి పదార్థాన్ని పెట్టి చూశాడు. అందులో గిరగిరా తిరిగే ప్రాణులు కనిపించాయి. ఆ సంగతిని 1683లో లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. కానీ అవే తిండిని పాడు చేస్తాయన్న సంగతి తేలడానికి మరో 170 ఏళ్ళకు పైగా పట్టింది.

ఉడికినా చావని బీజం

ఇక్కడొక చిక్కు ఉంది. అన్నాన్ని కుతకుతా ఉడికించాం. గంజి వార్చాం. వేడికి సూక్ష్మజీవులు చావాలి. మూత కూడా పెట్టాం. మరి పాచి ఎక్కణ్ణించి వచ్చింది?

బియ్యంలోంచే వచ్చింది. వరి మట్టిలో పెరుగుతుంది. ఆ మట్టిలో బాసిల్లస్ అనే ప్రజాతికి చెందిన బాక్టీరియా ఎప్పుడూ ఉంటాయి. వాటిలో బాసిల్లస్ సీరియస్ అనే జాతి బియ్యానికి బాగా అలవాటైనది. తిండి, తేమ కరువైనప్పుడు ఈ బాక్టీరియా తన వంశలక్షణాలన్నీ మూటగట్టి గట్టి తొడుగులో దాచుకుంటుంది. ఈ రూపాన్ని మన పాఠ్యపుస్తకాల్లో సిద్ధబీజం అంటారు. నిద్రబీజం అన్నా సరిపోతుంది. అది తినదు, పెరగదు. ఎండకీ చలికీ చలించదు. దంపుడు, కడుగుడు, గోనెసంచిలో నెలల నిలవ అన్నీ దాటి అన్నపు గిన్నె దాకా వస్తుంది. నీరు మరిగే వేడిలో మామూలు బాక్టీరియా చస్తాయి, నిద్రబీజాల్లో కొన్ని బతికి బయటపడతాయి. 1876లో బ్రెస్లావ్ నగరంలో ఫెర్డినాండ్ కోన్, ఎండుగడ్డి కషాయాన్ని ఎంత మరిగించినా అందులో మళ్ళీ జీవులు పుట్టుకురావడం ఎందుకో వెతుకుతూ ఈ బీజాలను కనిపెట్టాడు. గడ్డిలో ఉన్నవి బియ్యంలో ఉండవా!

ఉడికించడం వల్ల మరో పని కూడా జరుగుతుంది. ఆ వేడి నిద్రబీజాన్ని లేపుతుంది. కళ్ళు తెరిచేసరికి చుట్టూ మెత్తగా ఉడికిన పిండిపదార్థం, కావలసినంత తేమ, ఒంటికి హాయిగా ఉండే గోరువెచ్చదనం. పోటీకి వచ్చే ఇతర బాక్టీరియా అన్నీ వంటలో చచ్చాయి. వానాకాలం ముందరి ఉత్తరాంధ్ర రాత్రి, అర్ధరాత్రి దాటినా ఒళ్ళు చెమట పట్టే ఆ ఉక్క, దానికి ఇంకా అనుకూలం. ఇలాంటి చోట ఒక బాక్టీరియా అరగంటకోసారి రెండుగా చీలుతుందనుకోండి. ఎనిమిది గంటల్లో ఆ ఒక్కటి 65,536 అవుతుంది. పది గంటల్లో పది లక్షలు దాటుతుంది. మొదలైంది ఒక్కదానితో కూడా కాదు, గిన్నెలో అలాంటివి ఎన్నో ఉంటాయి. నిద్రలేచి పెరుగుదల అందుకోవడానికి కొంతసేపు పడుతుంది కాబట్టి రాత్రి తొమ్మిదికి బాగున్న అన్నం పన్నెండుకీ బాగున్నట్టే ఉంటుంది. తెల్లారేసరికి మాత్రం చెయ్యి దాటిపోతుంది.

గిన్నె ఎంత పెద్దదైతే ప్రమాదం అంత ఎక్కువ. చిన్న గిన్నెలో అన్నం గంటలో చల్లారుతుంది. డేగిసా నిండా కుదించి మూతపెట్టిన అన్నం అంచుల్లో చల్లారినా, నడిమధ్య చాలా గంటల పాటు గోరువెచ్చగానే ఉండిపోతుంది. అంటే బాసిల్లస్ కోరుకునే వెచ్చదనాన్ని మనమే కాపాడి పెడుతున్నాం. పాతకాలపు పెళ్ళి వంటల్లో అన్నాన్ని చాపల మీద పలచగా పరిచి ఆరబెట్టడం ఎంత మంచి పద్ధతో ఇక్కడ తెలుస్తుంది.

ముందు ఎక్కినవాళ్ళదే సీటు

ఇప్పుడు నీళ్ళు పోసిన కుండ దగ్గరకు వద్దాం. అందులోని అన్నంలోనూ అవే నిద్రబీజాలు ఉన్నాయి. వాటిని ఆపింది ఎవరు?

విశాఖపట్నం నుంచి పలాస వెళ్ళే పాసింజరు బండిని తలుచుకోండి. విశాఖలో ఎక్కినవాళ్ళు సీట్లలో కూర్చుంటారు. విజయనగరంలో మిగిలిన సందులు నిండుతాయి. నెల్లిమర్ల, గరివిడి దాటి చీపురుపల్లి వచ్చేసరికి అక్కడివాళ్ళు తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడాల్సిందే. వాళ్ళలో బలం తక్కువై కాదు, బోగీ అప్పటికే ఇంకొకరిదై ఉంది. అదే బండి చీపురుపల్లిలోనే బయల్దేరితే కథ తిరగబడేది. ఉడికి దిగిన అన్నం షెడ్డులోంచి అప్పుడే వచ్చిన ఖాళీ బోగీ. అందులో మొదట ఎక్కేది ఎవరన్న దాన్ని బట్టే పొద్దున్నకి అది పాచిపోయిన అన్నమా, సద్దన్నమా అన్నది తేలుతుంది.

నీళ్ళు పోయగానే అన్నం చల్లబడుతుంది, కాబట్టి బాసిల్లస్ వేగం తగ్గుతుంది. మెతుకులు మునిగి ఉంటాయి కాబట్టి గాలి ఆడదు. బాసిల్లస్‌లు గాలి ఉంటే బాగా పెరిగే రకం. పెరుగును తోడుకునేలా చేసే లాక్టిక్ బాక్టీరియాకి గాలితో పని లేదు. ఆ లాక్టిక్ బాక్టీరియా కుండలో ముందే సిద్ధంగా ఉంటాయి. ఇలా పులిసిన నీళ్ళనే తరవాణి అంటారు; తరవాణి పెట్టే ఇళ్ళలో ఒక మట్టి కుండను దానికే కేటాయించేవారు. రోజూ వార్చిన గంజి, బియ్యం కడుగు నీళ్ళు అందులో పోస్తూ పోయేవారు. నిమ్మాకులు వేసే ఇళ్ళూ ఉన్నాయి. మట్టి కుండ గోడల్లో సన్నటి రంధ్రాలు ఉంటాయి. వాటిలో నిన్నటి, మొన్నటి పులుపు జీవులు దాక్కుని ఉంటాయి. అన్నం పడగానే అవి మొదటి స్టేషన్‌లోనే ఎక్కేస్తాయి.

ఎక్కి ఊరికే కూర్చోవు. పిండిపదార్థాల్లోని చక్కెరల్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి, నీరు పులుస్తుంది. పులుపును కొలిచే పీహెచ్ అనే మెట్ల లెక్కలో మంచినీళ్ళు 7 దగ్గర ఉంటాయి. పులుపు పెరిగేకొద్దీ ఆ అంకె దిగుతుంది. అది నాలుగున్నర దగ్గరకు వచ్చేసరికి బాసిల్లస్‌లకి పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. ఆ పులుపు లాక్టిక్ బాక్టీరియాకి మాత్రం సహించే వాతావరణమే. చోడి (రాగి) పిండిని రాత్రంతా నానబెట్టి పులిపించి కాచే అంబలిలోనూ, పొరుగున ఒడియావాళ్ళు తినే పఖాళలోనూ నడిచేది ఇదే పని. కుండ పెట్టే అలవాటు పోయిన ఇళ్ళలో స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి ఒక చెంచా మజ్జిగ కలిపినా, బండిలో ముందుగా మనవాళ్ళను ఎక్కించినట్టే. ఏమీ కలపకుండా కొత్త గిన్నెలో ఒట్టి నీళ్ళు పోసి వదిలేస్తే ఆ భరోసా ఉండదు. పొద్దున్నకి నీరు పుల్లగా, శుభ్రమైన వాసనతో ఉండాలి. పులవకపోతే అది నీళ్ళలో మునిగిన పాచి అన్నమే.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి ఒకటి ఉంది, దానికి తెలుగువాళ్ళతో దూరపు చుట్టరికం కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధన విభాగానికి పెద్దగా ఉన్న కాలంలో, అక్కడే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను వెలికితీశాడు. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. ఎందరి ప్రాణాలనో నిలబెట్టిన మందు అది. తర్వాత దాన్ని తయారు చేసే సంస్థ కోసిన కోళ్ళను ఆ మందు కలిపిన నీళ్ళలో ముంచితే మాంసం త్వరగా చెడదని కనిపెట్టింది. 1955లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. బోగీలో ఉన్న అందరినీ దించెయ్యడమే ఈ పద్ధతి. కానీ ఆ మందుకు లొంగని బాక్టీరియా పుట్టుకొచ్చి ఖాళీ సీట్లను ఆక్రమించాయి. 1966లో ఆ అనుమతి రద్దయింది. తరవాణి కుండ బోగీని ఖాళీగా ఉంచదు, మంచివాళ్ళతో నింపుతుంది. తిండిని కాపాడే పద్ధతుల్లో నేను ఎక్కువ గౌరవించేది దాన్నే.

అన్నీ పాచిపోవు

2016 సెప్టెంబరులో కాకినాడ సభలో పవన్ కల్యాణ్, కేంద్రం రాష్ట్రానికి ప్రకటించిన ప్యాకేజీని పాచిపోయిన లడ్డూలన్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళు ఆ మాట రాష్ట్రమంతా నోళ్ళలో నానింది. ఉపన్యాసంలో ఆ మాటకున్న బలం వేరు. లడ్డూ కథ మాత్రం వేరు. మెతుకు జిగురు కట్టినట్టు లడ్డూ జిగురు కట్టడం అరుదు. లడ్డూలో నీరు లేకపోలేదు, కానీ ఆ నీటిని పంచదార గట్టిగా పట్టి ఉంచుతుంది, బాక్టీరియాకి అందనివ్వదు. అంత తక్కువ నీటితో బతకగలిగేవి కొన్ని బూజులే. కాబట్టి లడ్డూకి తేమ తగిలితే బూజు పడుతుంది. బూజు కూడా పట్టకపోతే, అందులోని నెయ్యి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కనరు వాసన వేస్తుంది. ఈ రెండో దాంట్లో ఏ ప్రాణికీ ప్రమేయం అక్కర్లేదు.

పాడవడానికి మనకు ఉన్న మాటలు చాలా వరకు ఇలా వేర్వేరు మార్గాలను చూపిస్తాయి. పాలు విరుగుతాయి. అంటే పులుపుకి పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి నీరు వేరవుతుంది. గుడ్డు మురుగుతుంది, అందులోని గంధకం దుర్వాసన గల వాయువుగా బయటపడుతుంది. బియ్యం నిలవలో ముక్కిపోతాయి, అది తేమ పట్టిన గింజ మీద బూజుల పని. టమాటా కుళ్ళుతుంది, కణాలను అతికించి ఉంచే పదార్థం కరిగి కాయ నీరుకారుతుంది. భోగాపురం, పూసపాటిరేగ తీరంలో పట్టిన చేప గంటలు గడిచేకొద్దీ నీచు వాసన వేస్తుంది. చేప కండలో సముద్రపు ఉప్పును తట్టుకోవడానికి ఉండే ఒక పదార్థాన్ని బాక్టీరియా విడగొట్టి ట్రైమిథైల్ అమీన్ అనే వాయువుగా మారుస్తాయి. అది క్షార స్వభావం ఉన్నది కాబట్టి చింతపండు పులుపుతో కలిసినప్పుడు లవణంగా మారి, ఆవిరై ముక్కు దాకా రావడం మానేస్తుంది. పులుసులో నీచు తగ్గేది ఇందుకే. ఆ పులుపే చేపల పులుసు మర్నాటికీ నిలవడానికి సాయం చేస్తుంది.

కావాలని కుళ్ళబెట్టేవీ ఉన్నాయి, వాటిలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్ళకి బాగా తెలిసినది గోగు. పైరు పూతకొచ్చాక కోసి, కట్టలు కట్టి, ఆకు రాలాక చెరువులో ముంచి పైన బరువు పెడతారు. రెండు మూడు వారాల్లో నీరు నల్లబడుతుంది. దారిన పోయేవాళ్ళు ముక్కు మూసుకుంటారు. గాలి చొరని ఆ అడుగున బాక్టీరియా, నారను పుల్లకు అతికించి ఉంచే పెక్టిన్ అనే జిగురును తినేస్తున్నాయి. నార స్వయంగా సెల్యులోజ్, అంత సులువుగా లొంగదు. రైతు ఒక కాడ తీసి మొదట్లో పట్టి లాగి చూస్తాడు. నార తొడుగులా ఊడి వస్తే కట్టలు బయటికి తీయాలి. నాలుగు రోజులు ఆలస్యమైతే నార కూడా మెత్తబడి బలం పోతుంది. టమాటాను నీరుకార్చేదీ, గోగుపుల్లను నార నుంచి విడదీసేదీ ఒకే రకం పని. ఒకదాన్ని పెంటకుప్పలో వేస్తాం, రెండోది నెల్లిమర్ల జనపనార మిల్లుకు వెళ్ళేది. ఆమదాలవలస పరిశోధన కేంద్రం ఈ పంట మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. ఇప్పుడు గోగు విస్తీర్ణం బాగా తగ్గింది. చెరువు అడుగున బాక్టీరియా ఎప్పుడు పని ముగిస్తుందో చేతి స్పర్శతో చెప్పగల రైతులు కూడా తగ్గిపోతున్నారు. అది నాకు బాధగా ఉంటుంది. ఈ మొక్క ఆకే గోంగూర. దాని సొంత పులుపుకి ఉప్పు, నూనె తోడై, వేయించడంతో నీరు ఆవిరైపోయి, పచ్చడి నెలల తరబడి చెడకుండా ఉంటుంది. ఒకే మొక్క కాడను కుళ్ళబెట్టి, ఆకును కుళ్ళకుండా చేసుకున్నారు.

ఇక జిగురంటే అందరికీ రోత అనుకోవద్దు. జపాన్‌లో ఉడికించిన సోయాచిక్కుళ్ళను బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాతో కావాలనే తీగలు సాగేలా చేసి నట్టో పేరుతో పొద్దున్నే అన్నంతో తింటారు. సిక్కింలో కినెమా, నాగాలాండ్‌లో అఖూనీ కూడా ఆ కోవలోవే. తెలిసిన బాక్టీరియాని, తెలిసిన పద్ధతిలో పెంచినవి అవి. మన గిన్నెలో రాత్రికి రాత్రి లేచినవి ఏ జాతివో మనకు తెలియదు.

ముక్కుకు అందనిది

ఇంతవరకూ ముక్కునీ వేళ్ళనీ నమ్మాం. అవి చాలావరకు నిజమే చెబుతాయి. కానీ ఒక చోట మోసపోతాయి, ఆ చోటు ప్రమాదకరం.

1971లో బ్రిటన్‌లో చైనా హోటళ్ళలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళు కొందరు గంటల్లోనే వాంతులతో పడ్డారు. వెతికితే దొరికింది మన బాసిల్లస్ సీరియసే. ఆ హోటళ్ళలో ముందుగా పెద్ద ఎత్తున అన్నం వండి, బయటే కుప్పగా ఉంచి, అడిగినప్పుడల్లా కొంత తీసి వేయించి ఇచ్చేవారు. వేయించినప్పుడు బాక్టీరియా చస్తుంది. కానీ అది అప్పటికే అన్నంలోకి వదిలిన సెరియులైడ్ అనే విషం చావదు. నీరు మరిగే వేడిని కూడా దాటి, 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా ఆ విషం చెక్కుచెదరదు. దానికి రుచి తేడా ఉండదు, వాసన ఉండదు. జిగురు పట్టకముందే అది తయారవ్వచ్చు. అందుకని అన్నాన్ని మళ్ళీ వేడి చేసి, పోపు పెట్టి, పులిహోర కలిపి తింటే పోతుందన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. చింతపండు పులుపు ముందే కలిపి ఉంటే బాక్టీరియాని పెరగనిచ్చేది కాదు. విషం చేరాక కలిపిన పులుపు దాన్ని విరగ్గొట్టలేదు.

కాబట్టి చూడాల్సింది గడియారం. వండిన అన్నం 60 డిగ్రీల పైన వేడిగా ఉన్నంతసేపు బాక్టీరియా పెరగదు, 5 డిగ్రీల కింద చల్లగా ఉంటే దాదాపు పెరగదు. ఈ రెంటి మధ్య రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో మిగిలిన అన్నాన్ని పలచగా పరిచి త్వరగా చల్లార్చి లోపల పెట్టాలి. లోతు గిన్నెలో వేడివేడిగా పెడితే నడిమి భాగం చల్లబడేసరికే ఆలస్యమైపోతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో, ఆవిరి తగ్గగానే, ఇంకా రాత్రే, చల్లని మంచినీళ్ళు పోసి మెతుకులు మునిగేలా చూసి మజ్జిగ కలపాలి. పొద్దున్న వరకూ ఉంచి అప్పుడు నీళ్ళు పోస్తే సద్దన్నం కాదు.

ఇది ఇళ్ళకన్నా ఎక్కువ పట్టించుకోవాల్సింది వందల మందికి ఒకేసారి వండే చోట్ల. జాతర రోజుల్లో చీపురుపల్లి కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చే చుట్టాలకు పెట్టే ఇళ్ళు, పెళ్ళిళ్ళు, బడి భోజనాలు, వసతి గృహాలు. పిల్లలు అన్నం పాచిపోయిందని చెప్పినప్పుడు దాన్ని గారాబంగానో తలబిరుసుగానో తీసుకునే పెద్దలు ఉన్నారు. పాచి అన్నం పెట్టడమంటే మన భాషలో పేదవాణ్ణి, పనివాణ్ణి చిన్నచూపు చూడటానికి గుర్తు కూడా. అందుకే ఆ ఫిర్యాదు చేయడానికి పిల్లలు చాలాసార్లు సిగ్గుపడతారు. ఆ పిల్లల వేళ్ళకు తగిలిన జిగురు కోట్ల బాక్టీరియా లెక్క. పెద్ద డేగిసాలో వండే చోట అన్నాన్ని ఒకేసారి కాక రెండు వాయిలుగా, వడ్డించే వేళకు దగ్గరగా వండితే ప్రమాదం బాగా తగ్గుతుంది. మిగిలినదాన్ని లోతులేని పళ్ళేల్లో వేలి మందాన పరిస్తే అది త్వరగా చల్లారుతుంది. రాత్రికి మిగిలిందని మధ్యాహ్నపు అన్నాన్ని కొత్త అన్నంలో కలపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. పాత అన్నంలో లేచి కూర్చున్నవి కొత్త గిన్నెలో మొదటి స్టేషన్‌లోనే ఎక్కేస్తాయి.